కృష్ణమ్మకు పార్కు, బుడమేరుకు పెడముఖం

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మను కృష్ణలంక రివర్ ఫ్రంట్ పార్కుకు తీసుకువెళ్లాను. పార్కును 2024 మార్చిలో తెరిచారు కాబట్టి బెజవాడలో ఇది పాతబడిన కబురే. మాకు మాత్రం అక్కడికి వెళ్లడానికి ఇన్నాళ్లు పట్టింది. ఎప్పుడు రమ్మన్నా అమ్మ రానంటుంది. "ఆ గోడను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది" అంటుంది. డెబ్బై రెండేళ్ల మనిషికి కాంక్రీటు గోడతో తగాదా ఏమిటని ఎవరైనా నవ్వుతారు. ఆ తగాదాలో న్యాయం ఉందని నాకు తెలుసు. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు పార్కు గురించి చెబుతాను, మంచి మాట దాచుకోవడం నాకు చేతకాదు. పార్కు బాగుంది. పద్మావతి ఘాట్ వైపు నుంచి కనకదుర్గ వారధి దాకా సుమారు కిలోమీటరు పైచిలుకు దూరం ఏటి పక్కనే నడవవచ్చు. ఎడమవైపు గోడ, దాని వెనక ఇళ్లు. కుడివైపు నది. వెనక్కి తిరిగితే రైలు వంతెనలు, వాటి అవతల బ్యారేజీ, ఆ పైన ఇంద్రకీలాద్రి. ముందుకు చూస్తే వారధి మీద లారీల వరుస. పొద్దు వాలే వేళకు ఎక్కడెక్కడి జనమో చేరుతున్నారు. పంజాబీ డ్రెస్ మీద బూట్లు తొడుక్కుని చేతులు విసురుతూ నడిచే ఆడవాళ్లు, వ్యాయామ పరికరాల మీద కూర్చుని వ్యాయామం తప్ప అన్ని విషయాలూ మాట్లాడుకునే రిటైరైన పెద్దలు, ఫోటోల కోసం అలంకరించుకొచ్చిన కొత్త జంట. గోడ అవతలి సందుల్లో పిల్లలకు క్రికెట్ ఆడుకోవడానికి జానెడు చోటు దొరకని పేట అది. వాళ్లకు ఇంత ఆకాశం దొరకడం చిన్న సంగతి కాదు.

'రివర్ ఫ్రంట్' అన్న మాట మాత్రం నాకు రుచించలేదు. ఏటిగట్టు అనే చక్కని మాట మనకు ఉండగా దాన్ని ఎందుకు వదులుకున్నామో అర్థం కాదు. గట్టు అంటే పార్కుకు తగ్గ హోదా ఉండదేమో.

కొత్తగా వచ్చేవాళ్లు ఒక సంగతి తెలుసుకుని రావాలి. ఇది బ్యారేజీకి దిగువన ఉన్న ఒడ్డు. డెబ్బై గేట్ల ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి నీటిని పైన ఆపి కాలువలకు మళ్లిస్తోంది. వరద కాలం పోయాక దిగువకు వదిలేది తక్కువ. మేము వెళ్లిన జనవరిలో నది అంటే ఇసుక మేటలు, వాటి మధ్య అక్కడక్కడ మడుగులు, రెల్లు దుబ్బులు, రెండు మూడు పడవలు. కొత్త జంట ఫోటోగ్రాఫరు నీళ్లు కనిపించే మూల కోసం చాలాసేపు వెతికాడు. నాకు ఆ ఇసుకే ఇష్టం. అమ్మ చిన్నప్పుడు మేడ లేని మా ఇంట్లో వేసవి రాత్రి ఉక్కపోతకు తాళలేక పేటంతా చాపలు పట్టుకుని ఆ ఇసుకలోకి దిగి పడుకునేవారట. లంక అంటేనే నది మధ్య, నది పక్కన మిగిలిన మేట. పేట పేరులోనే హెచ్చరిక ఉంది, అయినా అక్కడ ఇల్లు కట్టుకున్నాం. బందరు కాలువకూ కృష్ణకూ మధ్య ఉన్న ఆ నేల ఒకప్పుడు చవక. చవక నేల ఎందుకు చవకో వానాకాలంలో తెలుస్తుంది.

మాకు తెలిసింది 2009 అక్టోబరులో. శ్రీశైలం పొంగి, నాగార్జునసాగర్ పొంగి, బ్యారేజీ దగ్గర దాదాపు 11 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అప్పటికి మా వీధి వైపు గోడ లేదు. పోలీసులు మైకులో చెప్పగానే సర్టిఫికెట్లు, గ్యాస్ బండ, అమ్మ కుట్టుమిషను తలకాయ పట్టుకుని బయటపడ్డాం. మిషను బల్ల ఇంట్లోనే ఉండిపోయింది. బడిలో పెట్టిన శిబిరంలో పడుకున్నాం. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవారు, మితభాషి. ఒండ్రు ఎత్తిపోస్తూ ఒకే మాట అన్నారు, "ఇక ఏటి పక్కన వద్దు." మరుసటి ఏడాది ఆ ఇంటిని వచ్చిన ధరకు అమ్మి, అప్పు చేసి, ఊరికి అటు చివర అజిత్‌సింగ్ నగర్‌లో ఇల్లు కొన్నారు. కృష్ణ కనుచూపు మేరలో లేని చోటు. మధ్యలో రైలు పట్టాలు, కాలువలు, ఫ్లైఓవరు. ఇంతకన్నా భద్రం ఏముంటుంది?

మేము వెళ్లిపోయాక కృష్ణలంకకు గోడ వచ్చింది. ఒక దశ ఒక ప్రభుత్వం కట్టింది, తర్వాతి రెండు దశలు మరొక ప్రభుత్వం కట్టింది. ఎవరిది ఎన్ని మీటర్లు అన్న పంచాయతీ ఫ్లెక్సీల మీద ఇప్పటికీ నడుస్తూనే ఉంది. యనమలకుదురు నుంచి పద్మావతి ఘాట్ దాకా నాలుగున్నర కిలోమీటర్లకు పైగా, 12 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టారు.

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. చరిత్రలో నమోదైన అతి పెద్ద వరద. గోడ నిలబడింది, కృష్ణలంక మునగలేదు. మా పాత పొరుగింటి పిన్నిగారు అమ్మకు ఫోను చేసి, "గోడ ఆగిందే అక్కా, దుర్గమ్మ కాపాడింది" అని ఏడ్చింది. ఆ ఫోను ఎత్తేటప్పటికి అమ్మ సింగ్ నగర్‌లో మా డాబా మీద టార్పాలిన్ కింద కూర్చుని ఉంది. కింద మా హాల్లో నడుము లోతు నీళ్లు. ఆ నీళ్లు కృష్ణవి కావు, బుడమేరువి.

బయటి ఊళ్ల వాళ్ల కోసం బుడమేరు సంగతి కొంచెం చెప్పాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచులను ఒరుసుకుంటూ కొల్లేరులో కలిసే ఏరు అది. ఏడాదిలో పది నెలలు అది ఏరు అంటే ఎవరూ నమ్మరు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్, మురుగు. దాటే వంతెన మీద ముక్కు మూసుకుంటారు తప్ప కిందికి చూడరు. కానీ వానలు కుదిపితే అదే ఏరు ఊరిని ముంచుతుంది, 2005లోనూ ముంచింది. పాతవాళ్లు దాన్ని బెజవాడ దుఃఖదాయని అన్నారు. దీనికి మందుగా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, వరదను బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే. అందులోని చిక్కు కూడా చూడండి. ఈ వరద వెళ్లి కలవాల్సింది కృష్ణలో. కృష్ణ కూడా అదే రోజు నిండుగా ఉంటే కాలువ నీరు ఎక్కడికి పోతుంది? ఎదురు తన్నుతుంది. ఆ సెప్టెంబరులో జరిగింది అదే. పైన కొండల్లో కుంభవృష్టి, కింద కృష్ణ అడ్డం. మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరంతా తన పాత దారి వెతుక్కుంటూ సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట మీదికి వచ్చింది. పాత దారిలో అప్పటికే మేమందరం ఉన్నాం. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

బుడమేరు మా మీదికి వచ్చిన ఆ ఆదివారం గురించి ఎక్కువ రాయను. రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫ్లైఓవరు దగ్గర పడవలు ఆగేవి, అక్కడి నుంచి ఊరు మామూలుగానే ఉండేది, టీ కొట్లతో సహా. డ్రోను మా డాబా మీద అన్నం పొట్లాలు దింపినప్పుడు పక్కింటి బాబు చప్పట్లు కొట్టాడు, వాళ్ల నాయనమ్మ దండం పెట్టింది. నీళ్లు దిగాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలోపల బురద కడిగాయి. అమ్మ కుట్టుమిషను తలకాయను ఈసారి ఎత్తే వీలు చిక్కలేదు.

ఏటికి భయపడి వచ్చి ఏరులో పడ్డాం. అమ్మకు గోడ మీద కోపం అందుకే. అది నిలబడినందుకు కాదు, తాము అమ్ముకుని వచ్చాక నిలబడినందుకు.

పార్కులో ఆమె మొదట బెంచీ మీద కూర్చోలేదు. గోడ దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించి నిలబడింది. "ఇంత లావు కట్టారా?" అన్నది. తర్వాత కొంతసేపటికి, "మన ఏటికి ఇటువంటిది ఎందుకు కట్టలేదు?" అన్నది. 'మన ఏరు' అన్నది! పదిహేనేళ్లుగా మురిక్కాలువ అని పిలిచిన దాన్ని. నేను రాబోయే పేరాల్లో చేయబోయే వాదన అంతా ఆ ఒక్క ప్రశ్నకు నాకు తోచిన జవాబు.

కట్టలేదు, ఎందుకంటే బుడమేరును ఎవరూ చూడరు. కృష్ణకు పుష్కరాలు ఉన్నాయి, ఘాట్లు ఉన్నాయి, హారతి ఉంది, దుర్గమ్మ గుడి మెట్ల మీద నిలబడితే కనబడే అందం ఉంది. అందమైన నీటికి మొక్కుతాం, పార్కు కడతాం, ప్రారంభోత్సవం చేస్తాం. కంపుకొట్టే నీటికి పెడముఖం పెడతాం. సింగ్ నగర్‌లో ఏటి వెంట ఉన్న ఇళ్లను చూడండి, ఒక్క ఇంటికీ వీధి గుమ్మం ఏటి వైపు ఉండదు. పెరటి గోడ, మరుగుదొడ్డి గొట్టం, చెత్త వేసే కిటికీ మాత్రమే అటు. మా ఇల్లూ అంతే. పెరటి వైపున ఏం జరిగినా ఎవరికీ తెలియదు. ఒకడు ఒక బండెడు మట్టి పోస్తాడు. మరుసటి ఏడు దాని మీద రేకుల షెడ్డు. ఆ తర్వాత దానికి ఇంటి నంబరు, కరెంటు మీటరు. ఏరు ఇలా అంగుళం అంగుళం సన్నబడిపోతుంటే, దాన్ని చూసే కన్ను లేదు. రెవెన్యూ పటంలో ఎంత వెడల్పు ఉన్నా పటాన్ని రోజూ తెరిచి చూసేవారెవరు?

అందుకే నా మాట ఇది. బుడమేరుకు ఊరి పొడవునా రెండు వైపులా నడకదారి వేయాలి. ముందు ఏటికి కావలసిన వెడల్పు ఇచ్చి, కట్టలు బలంగా పోసి, ఆ కట్టల మీద జనం నడిచే దారి. పూల మొక్కలు, రంగు దీపాలు లేకపోయినా ఫరవాలేదు. రోజూ పొద్దున అయిదు వందల మంది నడిచే దారి మీద రాత్రికి రాత్రి మట్టి పోయలేరు. కట్టకు చిన్న బీట పడితే ఇంజినీరు కన్నా ముందు మోకాళ్ల నొప్పులతో నడిచే మాస్టారు చూస్తాడు, చూసి ఊరుకోడు. ఆయన ఫిర్యాదు చేసే ఓపిక మీకు తెలుసు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. ఏటి ఒడ్డు పార్కులన్నీ చివరికి ఏటినే తినేస్తాయని. అహ్మదాబాద్‌లో సబర్మతిని రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టి ఒకే వెడల్పుకు కుదించారు. ఒడ్డున బతికే వేల కుటుంబాలను ఊరి అంచులకు పంపారు. ఇప్పుడు అక్కడ నడిచేవాళ్లకు కనబడే నీరు నర్మద కాలువ నుంచి తెచ్చినది. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద 2024లో ఎర్రరంగు గుర్తులు వేసినప్పుడు ఆ గడపల్లో ఏడుపులు టీవీలో అందరం చూశాం. బుడమేరు కట్ట మీద ఉన్నవాళ్లూ కలవారు కాదు. రిక్షా కార్మికులు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, మా వీధి చివరి ఇస్త్రీ బండి మనిషి. వాళ్లను లేపి నేను వాకింగ్ చేస్తానంటే సిగ్గుచేటు.

ఈ వాదనను కొట్టిపారేయను. నా కోరికకు రెండు షరతులు అందుకే పెడుతున్నాను. దారి ఏటి లోపలికి జరగకూడదు, ఏటికి ఇచ్చిన వెడల్పుకు బయట ఉండాలి. రెండోది, కట్ట మీది మనిషికి ఇల్లు ముందు, అదీ అతని పనిచోటుకు నడిచి వెళ్లే దూరంలో, మెరక మీద. మరో పల్లపు కాలనీకి పంపి మరో ఇరవై ఏళ్లకు అక్కడికి పడవలు పంపే లెక్క వద్దు. వరద వచ్చిన కొత్తలో ఆక్రమణలు తీసేస్తామని, ఏటిని వెడల్పు చేస్తామని ప్రకటనలు వచ్చాయి. అవి అమలైతే సంతోషం. కానీ ఆక్రమణ అంటే ముందుగా కనబడేది గుడిసె. ఏటి గర్భంలో లేఅవుటు వేసి, ఫ్లాట్లుగా కోసి, మా నాన్నలాంటివాళ్లకు పక్కా రిజిస్ట్రేషనుతో అమ్మినవాళ్లు ఎప్పుడూ డాబా మీద టార్పాలిన్ కింద కూర్చోలేదు.

కృష్ణలంక గోడ విషయంలోనూ నాకొక భయం ఉంది. పార్కు ఆ భయాన్ని మరిపిస్తోంది. తట్టుకోగలిగేది 12 లక్షలు, వచ్చింది 11.43 లక్షలు. మిగిలిన వెసులుబాటు యాభై ఏడు వేల క్యూసెక్కులు, అంటే అయిదు శాతం కూడా కాదు. గోడ నదిని ఆపినట్టే పేటలోని వాననీటిని కూడా ఆపుతుంది. నది ఎత్తుగా ఉన్నప్పుడు మురుగు తూములు మూయాల్సిందే, లోపలి నీటిని మోటార్లతో తోడాల్సిందే. మోటారు పనిచేస్తుందా, డీజిలు ఉందా, తూము తలుపు తుప్పు పట్టిందా? నాలుగు వందల మంది నడిచే ఆ సాయంత్రం ఈ ప్రశ్న వేసినవారు ఎవరైనా ఉన్నారా అంటే అనుమానమే. పార్కులో ఎక్కడో ఒకచోట 2009లో నీరు ఇంతవరకు, 2024లో ఇంతవరకు అని రెండు గీతలు గీసి ఉంటే బాగుండును. నేను వెతికాను, నాకు కనబడలేదు. సెల్ఫీ దిగే చోటు మాత్రం వెతకక్కర్లేదు. వరద నీటి గుర్తు కన్నా గొప్ప సెల్ఫీ చోటు ఏముంటుందో నాకు తెలియదు.

మా పాత పిన్నిగారు మమ్మల్ని చూసి గోడ అవతలి నుంచి వచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఇసుకలో పడుకున్న రాత్రుల దగ్గర మొదలుపెట్టి ఎవరెవరు పోయారో అక్కడిదాకా వచ్చారు. "మీరు ఇక్కడే ఉండి ఉంటే..." అని పిన్నిగారు అనబోయి ఆగింది. అమ్మ, "ఇల్లు ఎవరు కొన్నారో వాళ్లు బాగున్నారుగా, అది చాలు" అన్నది. గొంతులో ఆ మాటంత ఉదారత లేదు. ఒక గంట అయ్యాక లేచి గోడను మళ్లీ ఒకసారి తడిమింది. కోపం పోయిందో లేదో అడగలేదు.

తిరిగి వస్తూ ఆటోను మా సందులోకి తిప్పనివ్వకుండా నేరుగా బుడమేరు వంతెన దాకా పోనిచ్చాం. అమ్మ దిగుతానన్నది. రెండు వైపులా చూసింది. చీకట్లో ఏరు కనబడలేదు, వాసన మాత్రం వచ్చింది. కట్ట ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందని అడిగింది. నాకు తెలియదు. పదిహేనేళ్లు ఇక్కడ ఉండి నాకు తెలియదు.

ఆ మరుసటి ఆదివారం నుంచి పొద్దున్నే కట్ట మీద నడుస్తున్నాను. నడక అంటే పెద్ద మాట. మా వైపు మూడు వందల పన్నెండు అడుగులు వేయగలను, అక్కడ గేదెల పాక అడ్డం వస్తుంది. పాక దాటి అవతలికి వెళ్లాలంటే ఒకరి పెరట్లోంచి పోవాలి. ఆ ఇంటావిడ మొదటివారం అనుమానంగా చూసింది, రెండోవారం ఎందుకు తిరుగుతున్నావని అడిగింది, మూడోవారం వరదలో పోయిన తన రెండు గేదెల గురించి చెప్పి దారి ఇచ్చింది. పాక దాటితే ఇంకో రెండు వందల అడుగులు ఉంది. అవతల ఏముందో ముళ్లకంపలో కనబడలేదు. ఇంటికి వచ్చి ఈ లెక్క చెబితే అమ్మ నా కాళ్ల వైపు చూసి, "చెప్పులతో వెళ్లావా? వచ్చేవారం బూట్లు వేసుకుని వెళ్లు, ఒక కర్ర కూడా పట్టుకో" అన్నది.